కాపెల్‌లో సరళీస్వరాలు

త్యాగరాజు (1767–1847) కావేరి ఒడ్డున, తమిళుల నడుమ ఉంటూ తెలుగులో పాడాడు. తంజావూరును ఏలిన నాయక రాజులు, వారి తర్వాత మరాఠాలు తెలుగును ఆదరించకపోతే ఆ కృతులు మనకు దక్కేవా? టెక్సస్‌లోని కాపెల్‌లో పిల్లలు శ్రుతి పెట్టుకుని సరళీస్వరాలు పాడుతుంటే నాకు ఇదే ప్రశ్న. ఇక్కడ ఆస్థానాలు లేవు. వారాంతాల్లో కారు నడిపే అమ్మానాన్నలే పోషకులు, ఇంట్లో ఒక గదే సభ. అమెరికాలోనే క్లీవ్‌లాండ్‌లో జరిగే త్యాగరాజ ఆరాధన కూడా 1978లో చిన్నగానే మొదలైంది.

పక్కనున్న డాలస్‌కూ తన పాట ఉంది. 1920ల్లో అక్కడి డీప్ ఎల్లమ్ పేట వీధుల్లో బ్లైండ్ లెమన్ జెఫర్సన్ గిటారు పట్టుకుని బ్లూస్ పాడేవాడు; 1937లో మరో బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ పాటలు రికార్డయిందీ ఆ ఊళ్ళోనే. నల్లజాతివారిపై వివక్ష మధ్య, వారి పేటల్లో పెరిగిన పాట అది. మన పిల్లలు దాన్నీ వినాలని నా కోరిక.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న సాహిత్యం చూసి పాడే పిల్లకు గమకం పలుకుతుంది, మాట పలకదు. అది నన్ను బాధిస్తుంది. అయినా బళ్ళో బ్యాండులో క్లారినెట్ వాయించి, సాయంత్రం మోహన రాగం పట్టుకునే ఆ చెవి తంజావూరుకు తెలియనిది. అందులోంచి ఏ బాణీ పుడుతుందో వినాలని ఉంది.