మారిషస్ నుంచి ఫిజీకి ఎంత దూరం?

భూమి గుండ్రంగా ఉందని ఎలా తెలుసు అంటే మనలో చాలామంది "శాస్త్రజ్ఞులు చెప్పారు" అంటాం. అది హేతువాదం కాదు, ఇంకో నమ్మకం.

వీరాంపట్టినంలో మా బంధువుల కుర్రవాడు ఏదో వీడియో చూసి, భూమి పళ్ళెంలా బల్లపరుపుగా ఉందని వాదించాడు. నేను వాదించలేదు, లెక్క వేయమన్నాను.

తెలుగువాళ్ళు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన రెండు దీవులు తీసుకున్నాం: మారిషస్, ఫిజీ. మద్రాసు నుంచి ఫిజీకి కూలీల ఓడలు 1903లో మొదలయ్యాయి. ఈ దీవుల విమానాశ్రయాల మధ్య గోళం మీద దూరం సుమారు 12,200 కి.మీ. ఉత్తర ధ్రువాన్ని నడిమధ్యన పెట్టిన వాళ్ళ పళ్ళెం పటం మీద సుమారు 21,000.

నేరుగా విమానం లేదు. కనుక దారిలోని ఆస్ట్రేలియా మజిలీ చూద్దాం. మారిషస్ నుంచి పెర్త్‌కు గోళం మీద 5,900 కి.మీ., పళ్ళెం మీద 12,600. ప్రయాణం దాదాపు 8 గంటలు. పళ్ళెమే నిజమైతే విమానం గంటకు దాదాపు 1,600 కి.మీ. పోవాలి, అంటే ధ్వనికన్నా వేగంగా! ప్రయాణికుల జెట్ విమానం వేగం 900 దగ్గర ఉంటుంది.

మీరూ నా మాట నమ్మొద్దు. టైంటేబుల్ తీసి భాగించి చూడండి. అందులో ఉండేవి స్థానిక వేళలు, 4 గంటల తేడా తీసేయడం మరవకండి.