మదనపల్లె దారిలో ఒక నారు షెడ్డు

మదనపల్లె టమాటా మార్కెట్ పేరు పేపర్లలో రెండు సందర్భాల్లోనే వినిపిస్తుంది. ధర పడిపోయి రైతులు కాయను రోడ్డు మీద పారబోసినప్పుడు ఒకసారి, 2023 జూలైలో లాగా కిలో రెండొందల దగ్గరికి ఎగబాకినప్పుడు ఇంకోసారి. ఆ కాయకు పురుడు పోసే చోటు గురించి ఎవరూ రాయరు. పుంగనూరు వైపు వెళ్లే దారిలో ఆకుపచ్చ షేడ్‌నెట్ కప్పిన ఒక నర్సరీ దగ్గర దిగాను. మేడ మీద నాలుగు కుండీల్లో టమాటా వేయాలని, అదీ కొన్న నారుతో కాకుండా విత్తనం నుంచే పెంచాలని నా ఉబలాటం.

"నాలుగు కుండీలకా సార్!" అని యజమాని నవ్వాడు. ఎకరానికి ఏడెనిమిది వేల మొక్కల లెక్కన బేరమాడే రైతులు ఆయనకు అలవాటు. అయినా దగ్గరుండి అన్నీ చూపించాడు.

షెడ్డు మొదట్లో ఆడవాళ్లు ట్రేలు నింపుతున్నారు. నల్లటి ప్లాస్టిక్ ట్రేకు 98 గుంతలు. అందులో మట్టి ఉండదు, అంతా కొబ్బరి పొట్టే. పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి ముందే నీళ్లతో బాగా కడిగి వాడతారు. నింపిన ట్రే మీద ఖాళీ ట్రే బోర్లించకుండా పెట్టి అరచేతులతో నొక్కితే, ప్రతి గుంత నడుమా అర సెంటీమీటరు పల్లం పడుతుంది. ఒక పెద్దావిడ మందు పూసిన గులాబీరంగు గింజలు చేతిలో పోసుకుని పల్లానికొకటి వదులుతోంది. పది గ్రాముల పొట్లంలో దాదాపు మూడు వేల గింజలు. హైబ్రిడ్ విత్తనం ధర చూస్తే ఒక్కటి కింద పడినా వెతుక్కోవాల్సిందే.

"లోతుగా పెడితే లేవదు నాయనా. మరీ పైన పెడితే తోలు విడవదు" అంది. తోలంటే ఏమిటో పక్క ట్రేలో చూపించింది. మొలక పైకొచ్చింది గానీ తలకు కుల్లాయి పెట్టినట్టు గింజ పైతోలు ఆకుల్ని బిగించి పట్టుకుంది. వేలితో నీటిచుక్క వేసి, అది నానాక గోటితో మెల్లగా తీసింది. లోపలి జోడాకులు విడివడ్డాయి. ఎండినదాన్ని లాగితే ఆకులు కూడా ఊడొస్తాయట.

విత్తిన ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి పాలిథీన్ షీటు కప్పుతారు. తడి ఆరదు, వెచ్చదనం పోదు. మూడు నాలుగు రోజులకు మొలక కనిపిస్తుంది. ఆ పూటే షీటు తీసి ట్రేలు వెలుతురులో పరిచేయాలి. ఒక రోజు ఆగితే ఏమవుతుందని అడిగాను. "సాగిపోతాది సార్. ఇంక ఆ నారు ఏ రైతూ తీసుకోడు" అన్నాడు యజమాని. వంటింటి మూలనో, హాల్లోనో విత్తనం పెట్టి, మొలిచాక కూడా అక్కడే ఉంచితే దారంలాంటి కాడలు వాలిపోయేది ఇందుకే.

చికాగోలో ఉండే మా చెల్లెలు మార్చిలో ఇంట్లో ట్రేలు పెట్టి, కింద వేడి మ్యాటు, పైన లైటు అమర్చి, మంచు భయం తీరాక మేలో మొక్కలు బయట నాటుతుంది. యూట్యూబ్‌లో మనం చూసే పద్ధతులన్నీ దాదాపు అలాంటి ఊళ్లవే. మదనపల్లె షెడ్డుకు వేడి అక్కర్లేదు. దానికి కావలసింది మండుటెండ నుంచి, పెద్దవాన నుంచి, తెల్లదోమ నుంచి రక్షణ. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది ఆ దోమే కాబట్టి షెడ్డు చుట్టూ సన్నకన్నాల నైలాన్ వల కట్టారు, తలుపులు కూడా రెండు పెట్టారు.

నీళ్ల విషయంలో యజమాని కచ్చితం. ఒక ట్రేలో కొన్ని మొలకలు మొదలు దగ్గర నలిగినట్టయి పక్కకు ఒరిగి ఉన్నాయి. నారుకుళ్లు. తడి ఎక్కువై గాలి ఆడకపోతే ఒక్క ట్రేతో ఆగదు. ఉదయం పూట మాత్రమే తడుపుతారు, సాయంత్రానికి ఆకులు ఆరిపోవాలి. ఇరవై అయిదు రోజులకు నారు సిద్ధం. చివరి వారం నీళ్లు తగ్గించి, నీడ తగ్గించి మొక్కను గట్టిపరుస్తారు. కాడ పట్టి లాగితే పొట్టంతా తెల్లటి వేళ్లతో ముద్దగా ఊడొచ్చింది. పొలంలో పెట్టాక ఈ నారు వాడిపోకపోవడానికి కారణం ఆ ముద్దే.

ఇంటి మట్టుకు ట్రే కూడా కొననక్కర్లేదు. అడుగున చిల్లు పెట్టిన పేపర్ కప్పులు, కడిగిన కొబ్బరి పొట్టు, మొలిచిన రోజే చేర్చడానికి ఉదయపు ఎండ తగిలే బాల్కనీ ఉంటే చాలు. నడివేసవిలో మాత్రం మొదలుపెట్టకండి, వేడికి పూత రాలిపోతుంది. సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో గింజ వేస్తే చలికాలంలో కాయ కోసుకోవచ్చు.