కాలువ కట్ట మీద డిసెంబరు



మౌంటెన్ బైక్ అంటే కొండల మీద తొక్కే సైకిలని అర్థం. మా దగ్గర కొండలు లేవు. నెల్లూరు తీరంలో మైపాడు నుండి కావలి దగ్గరి తుమ్మలపెంట వరకు చూసినా, ఎత్తుగా కనిపించేది ఒకటి తాటిచెట్టు, లేకపోతే తుఫాను షెల్టరు. వెలుగొండలు పడమట ఎక్కడో ఉన్నాయి. అయినా అలాంటి సైకిళ్ళు మా సంఘంలో మూడు ఉన్నాయి. మొదటిది చెన్నైలో పని చేసుకునే మా సంఘపు యువకుడు కొత్తది కొనుక్కొని, పాతదాన్ని ఊళ్ళో వదిలిపోయినది. మిగిలిన రెండూ సెకండ్ హ్యాండ్‌వి, యువజనుల కానుకలతో కొన్నాము. వాటిని ఎండాకాలంలో పెద్దగా ఎవరూ ముట్టుకోరు. అక్టోబరులో ముసురు పట్టినప్పటి నుండి క్రిస్మస్ దాకా మాత్రం అవి లేకపోతే మా గురువారపు గృహకూడికలు నడవవు.

మంచు కురిసే దేశాల్లో చలికాలంలో తొక్కడానికి నాలుగు అంగుళాల వెడల్పు టైర్లున్న సైకిళ్ళు ఉంటాయట. వీడియోల్లో చూసి మా కుర్రవాళ్ళు నోరు తెరిచారు. మాకు మంచు లేదు. మాకు చలికాలమంటే వాన. దేశమంతా జూన్‌లో తడిస్తే మేము ఈశాన్య రుతుపవనాల కోసం కాచుకొని ఉంటాం. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. వరి నారుమళ్ళు, నాట్లు ఆ వానకే. వాయుగుండాలూ ఆ నెలల్లోనే. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద పడుగుపాడు దగ్గర జాతీయ రహదారినీ రైలు పట్టాలనూ కోసేసింది. పెద్ద రోడ్డుకే ఆ గతి పడితే, కాలువ అవతల ఉన్న పాలేల దారి గురించి చెప్పేదేముంది?

మేము గురువారం వెళ్ళే పాలెం పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడి అవ్వకు ఇష్టముండదు. దారి మాత్రం చెప్తాము. మా ఊరి నుండి మూడు కిలోమీటర్లు తారు రోడ్డు. అక్కడి నుండి ఆరు కిలోమీటర్లు బకింగ్‌హాం కాలువ కట్ట. ఆ తర్వాత సరుగుడు తోటల మధ్య ఇసుక డొంక. డొంక దాటితే రొయ్యల గుంటలు, వాటి వెనక పాలెం, పాలెం వెనక సముద్రం.

ఈ దారిలో వాన పడితే ఒకే గంటలో రెండు రకాల నేల తొక్కాలి. ఎండాకాలంలో పాదం దిగిపోయే డొంక ఇసుక, తడిసిందంటే గట్టిపడి సైకిలును మోస్తుంది. టైరులో గాలి కొంచెం తగ్గిస్తే ఇంకా సులువు, టైరు పరుచుకొని తేలుతుంది. కాలువ కట్ట దీనికి తిరగబడి ఉంటుంది. ఎండలో రాయిలాగా ఉండే బంకమట్టి రెండు రోజుల ముసురుకు మైనంలాగా అయి చక్రానికి చుట్టుకుంటుంది. మామూలు సైకిలైతే మడ్‌గార్డులో మట్టి కూరుకొని చక్రమే తిరగదు. మేము మొదటి ఏడాదే మడ్‌గార్డులు విప్పేశాం. వీపు నిండా బురద పడుతుంది, పడనీయండి. గేరు తేలిక చేసుకొని, సీటు మీద బరువు వెనక్కి పెట్టి, ఆపకుండా నెమ్మదిగా తొక్కుతూ ఉండాలి. హడావుడిగా బ్రేకు వేసినవాడు నేరుగా కాలువలోకే.

దీనికి తోడు చిల్లచెట్ల ముళ్ళు. గాలివానకు కొమ్మలు విరిగి కట్టంతా పరుచుకుంటాయి. చెప్పు అడుగును చీల్చి పాదంలో దిగే ముల్లు అది, దానికి ట్యూబు ఒక లెక్కా? అతుకులూ, సొల్యూషనూ, పంపూ లేకుండా మేము కదలము. ఇంటికి వచ్చాక మంచినీళ్ళతో కడిగి, చెయినును కిరోసిన్ గుడ్డతో తుడిచి, నూనె వేయకపోతే ఆదివారానికి తుప్పు పట్టి ఉంటుంది. ఉప్పుగాలి ఎవరినీ చూసి ఊరుకోదు.

ఇంత కష్టమెందుకు, మోటారు సైకిలుంది కదా అని అడుగుతారు. ఉంది. తారు రోడ్డు మీద అది మంచిదే. కానీ కట్ట తెగిన చోట మోటారు సైకిలును ఎవరు ఎత్తుతారు? సైకిలైతే భుజాన వేసుకొని మోకాటిలోతు నీళ్ళలో దాటేస్తాము. మమ్మల్ని మోసేది కూడా, మేము మోయగలిగేది కూడా అదొక్కటే. పాస్టరు నిక్కరు వేసుకొని బురద కొట్టుకొని తిరగడం మర్యాదగా లేదని ఒకరిద్దరు పెద్దలు అన్నారు. సేవకుడి ఆశీర్వాదాన్ని అతని బండిని బట్టి కొలిచే రోజులివి. చక్రాలు పెరిగేకొద్దీ దీవెన పెరిగినట్టు వాక్యంలో మాకెక్కడా కనబడలేదు.

ఆ కట్ట సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే తెలుగు క్రైస్తవులకు దానితో సంబంధముంది. పెదగంజాం నుండి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగే ఈ కాలువను ముక్కలు ముక్కలుగా తవ్వారు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి 1878లో వచ్చింది. 1876 నుండి 78 వరకు ఉన్న పెద్ద కరువులో జనానికి కూలి పెట్టడానికే చాలా తవ్వకం జరిగింది. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, యౌవనంలో అమెరికాలో సర్వే పని చేసినవాడు, అందులో మూడున్నర మైళ్ళు తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఇతర చోట్ల మేస్త్రీలు తిట్టి తరిమే మాదిగ కూలీలకు అక్కడ పని, కూలి, తినడానికి తిండి దొరికాయి. పని ఆగిన వేళల్లో బోధకులు వారి మధ్య కూర్చొని యేసును గూర్చి మాట్లాడేవారు.

సెమినరీలో ఈ చరిత్ర చదివినప్పుడు అందరికీ గుర్తుండిపోయే అంకె 2,222. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో బాప్తిస్మం పొందినవారి సంఖ్య అది. వేదికలెక్కి ఇప్పటికీ చెప్తూనే ఉంటాము. అంతకు ముందున్న సంగతి మాత్రం తక్కువగా చెప్తాము. కరువు సాయం చేతిలో ఉన్నంతకాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. నెలల తరబడి జనం అడుగుతూనే ఉన్నారు, ఆయన ఆగమంటూనే ఉన్నాడు. గంజి కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో వారికే తెలియని స్థితిలో వారిని నీళ్ళలోకి దింపకూడదని ఆయన ఉద్దేశం. మా దృష్టికి ఆ 2,222 కంటే ఈ ఆగడమే పెద్దది. కట్ట మీద బురదలో నెమ్మదిగా తొక్కేటప్పుడు దీని గురించి మాట్లాడుకోవడానికి కావలసినంత సమయముంటుంది.

పౌలు కూడా చలికాలం గురించి రాశాడు. తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయం తీసి చూడండి. రోమా చెరలో ఉన్న ముసలివాడు, త్రోయలో కర్పు ఇంట్లో వదిలిపెట్టిన అంగీని తెమ్మంటాడు, పుస్తకాలు తెమ్మంటాడు, శీతకాలానికి ముందే రమ్మని బతిమాలుతాడు. చలికాలంలో మధ్యధరా సముద్రం మీద ఓడలు ఆగిపోతాయి, ఇప్పుడు రాకపోతే మళ్ళీ వసంతానికే. అప్పటికి తాను ఉంటాడో లేడో. తిమోతి చేరాడో లేదో బైబిలు చెప్పదు. ఈ భాగం మీద ప్రసంగం చేసినప్పుడల్లా పుస్తకాల గురించే మాట్లాడేవాళ్ళం, చదువుకోవాలి అని చెప్పడానికి పనికొస్తుంది గనుక. అంగీ సంగతి 2023 డిసెంబరులో బాగా అర్థమైంది.

ఆ ఏడాది డిసెంబరు 3 మొదటి ఆదివారం, ప్రభు భోజనపు ఆదివారం. ఆ రోజే వాయుగుండం తుఫానుగా మారింది, మిచౌంగ్ అని పేరు పెట్టారు. మంగళవారం, అంటే 5న, బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటేలోపు నెల్లూరు జిల్లాను నానబెట్టి పోయింది. పాలెంలో ఆదివారం కూడిక జరగలేదు. గురువారం వాన తెరిపి ఇచ్చాక మేము నలుగురం బయలుదేరాము, మూడు గేర్ల సైకిళ్ళు, ఒక మామూలు సైకిలు. స్టీలు డబ్బాలో రొట్టె, కడిగిన టానిక్ సీసాలో ద్రాక్షరసం, అవ్వ బీపీ మాత్రలు, కొన్ని బన్నులు.

కట్ట రెండుచోట్ల తెగింది. రెండోచోట నీళ్ళు తొడల దాకా వచ్చాయి. కట్ట పొడవునా గుడిసెలు వేసుకొని ఉండే యానాది కుటుంబాలు షెల్టరు నుండి అప్పుడే తిరిగొచ్చి, తడిసిన బొంతలు చిల్లచెట్ల మీద ఆరేసుకుంటున్నాయి. ఎండ లేదు. ఆరేస్తే ఏం ఆరుతాయి? బన్నులు అక్కడే సగం అయిపోయాయి. మామూలుగా గంటన్నరలో పోయే దారి ఆరోజు మూడు గంటలకు పైగా పట్టింది.

అవ్వ మమ్మల్ని చూసి మొదట అన్న మాట, "ఏందయ్యగారా ఈ బురదలో! ఆ సైకిళ్ళు వసారాలో పెట్టండి, తుప్పు పడతాయి." మాత్రలు తీసుకొని కొంగున కట్టుకుంది. రొట్టె డబ్బా తీస్తుంటే చేయి అడ్డం పెట్టింది.

"అది తర్వాత తీసుకుంటా అయ్యా. నా బిడ్డ ఆదివారం గుంటల కాడికి పోయినోడు ఇంకా రాలా. ఫోను మోగటంలా. ముందు వాడు ఉండాడో లేడో చూసి రాండి."

ప్రభు భోజనాన్ని ఇలా పక్కన పెట్టవచ్చా అని సెమినరీలో ఎవరూ నేర్పలేదు. డబ్బాను గూట్లో పెట్టి, "ఉండవ్వా, పోయి చూసొస్తాం" అని మళ్ళీ సైకిళ్ళెక్కాము.

రొయ్యల గుంటల గట్లు అడుగున్నర వెడల్పు. అటూ ఇటూ నీళ్ళు. అవ్వ కొడుకు పని చేసే గుంటలు పాలేనికి ఉత్తరాన రెండు కిలోమీటర్లు. దూరం నుండే డీజిలు ఇంజను చప్పుడు వినబడింది, అప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది. తుఫానుకు కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి. ఏరియేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు తెల్లారేసరికి తేలిపోతాయి. అందుకని జనరేటరు దగ్గర మనిషి ఉండి తీరాలి. మోటారు షెడ్డు రేకులు లేచిపోయాయి. ఆయన ఇంజను పక్కన తడి పట్టా కప్పుకొని కూర్చొని ఉన్నాడు. నాలుగు రోజులుగా నిద్ర లేదు, కళ్ళు చింతనిప్పుల్లాగా ఉన్నాయి.

"మీ అమ్మ చూసి రమ్మంది" అన్నాము.

"ఉండానని చెప్పండి" అన్నాడు. కాసేపాగి, "నేను పోతే గుంట పోతది. గుంట పోతే ఓనరు జీతం ఎక్కడ ఇస్తాడు" అన్నాడు.

మిగిలిన బన్నులూ నీళ్ళ బాటిలూ ఇచ్చాము. మా కుర్రవాళ్ళలో ఒకడు రెయిన్‌కోటు విప్పి ఆయన ఒళ్ళో పెట్టాడు. పౌలు అంగీ ఆ క్షణంలోనే జ్ఞాపకం వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, అప్పుడు మాకు జ్ఞాపకం వచ్చింది చీకటి పడుతోందని. ప్రార్థన చేద్దామా అని అడిగాము. "ఇంజను చప్పుడులో ఏం వినపడతది లేండి" అన్నాడు. ఆయన పక్కన కొంచెంసేపు ఊరికే నిలబడి వచ్చేశాము.

పాలెంలో అవ్వ గడపలోనే కూర్చొని ఉంది. "ఉండాడవ్వా" అనగానే లేచి లోపలికి వెళ్ళి ముఖం కడుక్కొని వచ్చింది. సెల్‌ఫోను లైటు వెలుగులో రొట్టె విరిచాము. ఆ రాత్రి తిరిగి రావడం కుదరలేదు, పాలెంలోనే పడుకున్నాము. అవ్వ మా సైకిళ్ళ మీద గోనెపట్టాలు కప్పింది.

అవ్వ ఇప్పటికీ ఉంది, దేవునికి స్తోత్రం. కొడుకు అదే గుంటల దగ్గర పని చేస్తున్నాడు. వానాకాలంలో పాలేనికి వెళ్ళే గురువారాలు ఇప్పుడు ఆ గట్టు మీదుగానే వెళ్తున్నాము, దారి కొంచెం చుట్టయినా సరే. రెయిన్‌కోటు షెడ్డులో మేకుకు వేలాడుతూ ఉంటుంది. మమ్మల్ని చూడగానే ఆయన పొయ్యి మీద టీ గిన్నె పెడతాడు. వాళ్ళమ్మ ఆరోగ్యం అడుగుతాడు, రొయ్య కౌంటు చెప్తాడు, చెయిను వదులైతే తనే రెంచీ తెచ్చి బిగిస్తాడు. ఆదివారం మాట ఎత్తితే మాత్రం లేచి ఏరియేటర్ల వైపు చూస్తాడు. మేము టీ తాగి, గ్లాసులు కడిగి పెట్టి, అవ్వ దగ్గరికి పోతాము.