ఇంటిపేరు మారిన కొండ

మనుషులకే కాదు, ఊళ్ళకు కూడా పొడి అక్షరాలుంటాయని తెలియాలంటే బి.కొత్తకోటకు రావాలి. ఆ "బి" అంటే బీరంగి. కొత్తకోట అనే ఊరు మన తెలుగుదేశంలో ఒక్కటి కాదు; అటు వనపర్తి దగ్గర కూడా ఒకటి ఉన్నది. రాసిన ఉత్తరం దారి తప్పకుండా చేరాలంటే పేరు ముందు మరొక పేరు ఉండవలసిందే. మనిషికి ఇంటిపేరు చేసిపెట్టే ఉపకారం కూడా ఇదే కదా!

మా మేనత్త ఆ ఊళ్ళో ఉంటున్నది. వచ్చే నెలలో మా అమ్మాయి పెళ్ళి. శుభలేఖ చేతికిచ్చి ఆశీర్వాదం తీసుకుందామని భార్యనూ, అమ్మాయినీ వెంటబెట్టుకుని బయలుదేరాను. బస్సు మదనపల్లె దాటింది మొదలు అమ్మాయిది ఒకటే ప్రశ్న.

"పెళ్ళయ్యాక నేను ఇంటిపేరు మార్చుకోవాలా నాన్నా? సర్టిఫికెట్ల మీదా, బ్యాంకు పుస్తకం మీదా, అన్నిటా మన పేరే ఉన్నది."

ఇరవై యేళ్ళుగా కాలేజీలో సంధులూ సమాసాలూ చెబుతున్నవాణ్ణి. ఈ సమాసానికి మాత్రం విగ్రహవాక్యం చెప్పలేక కిటికీలోనుంచి చూస్తూ కూర్చున్నాను.

అత్త శుభలేఖను కళ్ళకద్దుకున్నది. సంగతి విని నవ్వింది. "మీ ఇంటిపేరు విడిచిపెట్టి యాభైయేండ్లు దాటింది నాయనా. అయినా ఈ ఊర్లో నన్ను మొగుడి ఇంటిపేరుతో పిలిచినోళ్ళు లేరు. నేటికీ నేను పుంగనూరామెనే" అన్నది. ఆ వెంటనే, "ఎట్లా వచ్చినారు, పెండ్లికూతురితో మల్లమ్మకు దండం పెట్టించుకోని పోండి" అని ఆజ్ఞ జారీచేసింది.

"మల్లమ్మ ఎక్కడ ఉంది అవ్వా?"

"అదేనమ్మా, మీరంతా హార్సిలీ హిల్స్ అంటారే, ఆ కొండమీద!"

ఘాటురోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతున్నది. కింద ఎండ నిప్పులు చెరుగుతుంటే పైకి పోయేకొద్దీ గాలి చల్లబడింది. ఈ కొండ ఎత్తు నాలుగువేల అడుగులకు పైమాటే. 19వ శతాబ్దంలో మదనపల్లె ప్రాంతమంతా కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యూ.డి. హార్స్‌లీ దొర వేసవి తాపం తప్పించుకోవడానికి 1870 ప్రాంతంలో ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. దొర ఇల్లు కట్టినది కొండకు ఒక మూల. ఆయన ఇంటిపేరు అంటుకున్నది మొత్తం కొండకు!

మనవాళ్ళు ఆ పేరును ఉన్నదున్నట్లు పుచ్చుకోలేదు. నోరు తిరగని చోట ఒక ఇకారం చొప్పించి హార్సిలీ చేసుకున్నారు. వ్యాకరణంలో దీనినే స్వరభక్తి అంటారు.

"ఇంతకూ హార్స్‌లీ అంటే ఏమిటి నాన్నా?" అన్నది అమ్మాయి. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు నా దగ్గర సిద్ధంగా ఉన్నది.

అది మొదట మనిషి పేరు కాదు, ఊరి పేరు. పాత ఇంగ్లీషులో "హార్స్" అంటే గుర్రమే. "లీ" అంటే అడవి నరికి చదును చేసిన బయలు, పచ్చిక. అంటే గుర్రాలు మేసే బయలన్నమాట. స్టాన్‌లీ అంటే రాళ్ళ బయలు. ఇదీ ఆ కుదురుదే. ఇంగ్లండులో సర్రే, డర్బీషైరు, గ్లాస్టర్‌షైరు మొదలైన చోట్ల హార్స్‌లీ అనే ఊళ్ళున్నవి. 1086లో రాజుగారు రాయించిన డూమ్స్‌డే భూముల లెక్కలోనే ఆ పేరు కనిపిస్తుంది. ఆ ఊరు విడిచి మరొక ఊరు చేరినవాణ్ణి అక్కడివారు "హార్స్‌లీవాడు" అన్నారు. తరువాతి శతాబ్దాల్లో ఇంటిపేర్లు తండ్రినుంచి కొడుక్కు స్థిరపడ్డప్పుడు అదే ఇంటిపేరై నిలిచింది. మన కందుకూరు కందుకూరి అయినట్లు, వేమూరు వేమూరి అయినట్లు!

"మన పుంగనూరామె అవ్వలాగా!" అన్నది అమ్మాయి. నా పాఠమంతా ఆ ఒక్కమాటలో తేలిపోయింది.

గోదావరిపై ఆనకట్ట కట్టిన కాటన్ దొర పేరు వినగానే మనకు దూది గుర్తుకు వస్తుంది. కాని ఆ ఇంటిపేరుకు దూదితో చుట్టరికం లేదు. గుడిసెలు అనే పాత మాటనుంచి పుట్టిన ఊరి పేరది. 1820లో కడపకు వచ్చి తెలుగుకు ఎనలేని సేవచేసిన బ్రౌన్ దొరది మాత్రం ఊరి పేరు కాదు. ఏనాటి తాతగారి జుట్టు రంగో, మేని రంగో చూసి పెట్టినది.

కొండమీద ఆకాశాన్నంటే నీలగిరి చెట్టు ఒకటి ఉన్నది. ఆ జాతి ఆస్ట్రేలియాది. దానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు "కల్యాణి"! కొండకు దొర పేరు, దొరల కాలపు చెట్టుకు తెలుగింటి ఆడపడుచు పేరు.

తరువాత మల్లమ్మ గుడికి వెళ్ళాము. ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. పూర్వం మల్లమ్మ అనే పిల్ల ఈ కొండకొమ్మున ఒంటరిగా ఉండేదట. ఏనుగులు ఆమెకు ఆహారం తెచ్చిపెట్టేవట. కొండమీది చెంచులకు జబ్బు చేస్తే ఆమె నయంచేసేదట. ఒకనాడు ఉన్నట్టుండి కనిపించకుండా పోయింది. జనం గుడి కట్టి దేవతగా కొలుస్తున్నారు. ఆ కథలో ఆమె ఎవరి బిడ్డో లేదు, ఆమె ఇంటిపేరూ లేదు.

"ఏనుగుల కొండమీదికి గుర్రాల బయలు వచ్చి కూర్చున్నదన్నమాట!" అని నవ్వి, అమ్మాయి అంతలోనే గంభీరంగా, "మల్లమ్మకు కోపం రాలేదా?" అన్నది.

అంతదాకా మౌనంగా ఉన్న మా ఆవిడ అప్పుడు నా వైపు తిరిగింది. "ఏమండీ, మా పుట్టింటివారి ఇంటిపేరు మీకు గుర్తున్నదా?"

గుర్తులేకేం! వెంటనే చెప్పాను. అది ఏ ఊరినుంచి వచ్చినదో, ఆ మాటకు వ్యుత్పత్తి ఏమిటో కూడా చెప్పబోయాను.

"నేను అర్థం అడగలేదండీ" అన్నది ఆమె మెల్లగా. "పాతికేళ్ళయింది. నా డిగ్రీ కాగితం మీద ఉన్న పేరుతో నన్నెవరూ పిలవలేదు. మార్చుకోమని మీరు చెప్పలేదు, నిజమే. మార్చుకుంటావా అని అడగనూ లేదు."

నాకు నోట మాట రాలేదు. ఎక్కడో ఇంగ్లండులోని గుర్రాల బయలు పుట్టుపూర్వోత్తరాలన్నీ విప్పిచెప్పినవాడికి ఇంట్లో ఆ ఒక్క ప్రశ్న అడగాలని తోచనే లేదు.

"నీ పేరమ్మా, నీ ఇష్టం. అతనితో మాట్లాడి నువ్వే నిర్ణయించుకో. ఎవరైనా ఏమైనా అంటే నేనున్నాను" అన్నాను అమ్మాయితో. బస్సులో అడిగిన ప్రశ్నకు కొండ ఎక్కాక గాని జవాబు దొరకలేదు.

ఆ రాత్రికి కొండమీదనే బస. అతిథిగృహం గుమాస్తా రిజిస్టరు ముందుకు జరిపాడు. నేను నా వివరాలు రాశాను. అమ్మాయి తన పేరు రాసి కలం తల్లికిచ్చింది. ఆమె ఒక్క క్షణం ఆగి, గుండ్రని అక్షరాలతో పుట్టింటి ఇంటిపేరుతో సహా తన పేరు రాసింది. మా పెళ్ళి శుభలేఖ మీద చూసిన తరువాత ఆ పేరును నేను మళ్ళీ చూడడం అప్పుడే.