మెదక్ చర్చిలో దిగిన బరువు

మీరెప్పుడైనా మెదక్ చర్చి చూశారా? హైదరాబాదుకి సుమారు 100 కిలోమీటర్లు. పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. 175 అడుగుల గోపురం దూరం నుంచే కనబడుతుంది. కరువు రోజుల్లో జనానికి పనీ, తిండీ దొరకాలని పోస్నెట్ దొరగారు కట్టించిన మందిరమిది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది.

బయట నుంచి చూస్తే ఆ పెద్ద కిటికీల అద్దాలు నల్లగా, మసిబారినట్టుంటాయి. 'ఇంతేనా!' అనుకున్నాను. లోపలికెళ్లి చూద్దునుగదా, ఎండ తగిలి అవే అద్దాల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం రంగురంగులుగా వెలిగిపోతున్నాయి!

మా తోడికోడలితో నాకు మూడేళ్లుగా మాటల్లేవు. ఆవిణ్ణీ నేను బయట నుంచే చూశానేమో! కానుక వేయబోయి ఆగిపోయాను. ముందు సమాధానపడి, ఆ తర్వాతే కానుక అర్పించమన్నాడు కదా ప్రభువు. నోటు మళ్లీ పర్సులో పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే ఫోన్ చేశాను. "అక్కా, బాగున్నావా?" అనేసరికి అటువైపు ఏడుపు.

మనసు మారడం ఒక్కరోజు పని కాదండీ. ఇప్పటికీ అప్పుడప్పుడూ కోపమొస్తుంది. అయినా మాటలు మానలేదు. మీరూ వెళ్లండి. ఎండ ఉండగానే వెళ్లండి, లోపలికెళ్లి మరీ చూడండి!