ఖాళీ ఉన్న జట్లు, ఖాళీ చేసుకున్న జట్లు

మార్చి 1, 2025, శనివారం, ఫ్రిస్కో

ఈ ఏడాది సాలరీ క్యాప్ ఖరారైంది. ఒక్కో జట్టుకు 27.92 కోట్ల డాలర్లు. నిరుడు 25.54 కోట్లు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొట్టమొదట ఈ గీత గీసిన 1994లో 3.46 కోట్లే. లీగ్ రాబడిలో ఆటగాళ్ల వాటా దాదాపు 48 శాతం. దాన్ని లెక్కగట్టి ముప్పై రెండు జట్లకూ ఒకే హద్దు పెడతారు. మా డాలస్ యజమాని జెర్రీ జోన్స్‌కూ అదే గీత, గ్రీన్ బే లాంటి చిన్న ఊరి జట్టుకూ అదే గీత.

క్యాప్‌కు ముందేడు, 1993లో, ఆటగాళ్లు కోర్టుల్లో పోరాడి ఫ్రీ ఏజెన్సీ సాధించుకున్నారు. కాంట్రాక్టు ముగిసినవాడు నచ్చిన జట్టుకు వెళ్లొచ్చు. ఆ కేసుకు పేరుగా నిలిచిన రెజ్జీ వైట్ ఆ ఏడాదే ఫిలడెల్ఫియా వదిలి నాలుగేళ్లకు 1.7 కోట్ల డాలర్ల మీద గ్రీన్ బేకు వెళ్లాడు. ఆ స్వేచ్ఛకు బదులుగా యజమానులు రాయించుకున్నదే ఈ క్యాప్. రెండూ ఒకే ఒప్పందంలో పుట్టాయి కాబట్టే ఏటా మార్చిలో ఒకదాన్ని వదిలి రెండోదాని గురించి మాట్లాడడం కుదరదు.

ఈ రోజే శాన్ ఫ్రాన్సిస్కో తమ డీబో శామ్యూల్‌ను వాషింగ్టన్‌కు ఇవ్వడానికి ఒప్పుకుంది. బదులుగా వచ్చింది ఐదో రౌండు డ్రాఫ్ట్ పిక్ ఒక్కటి, అంటే కాలేజీ కుర్రాళ్లలో ఒకరిని ఎంచుకునే హక్కు. పైగా అతను వెళ్లిపోయినా అతని పేరు మీద 3 కోట్ల డాలర్లకు పైగా శాన్ ఫ్రాన్సిస్కో పద్దులోనే ఉంటుంది. డెడ్ మనీ అంటే అదే. అంత నష్టానికి ఎందుకు సిద్ధపడ్డారో తెలియాలంటే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ సంగతి తేలాలి.

మార్చి 4, మంగళవారం

ఫిలడెల్ఫియా ఈగల్స్ సాక్వాన్ బార్క్‌లీకి మరో రెండేళ్లు పొడిగించారు, 4.12 కోట్లు. కిందటి మార్చిలో మూడేళ్లకు 3.775 కోట్లకు తెచ్చుకున్నారు. మొదటి ఏడాదే 2,005 గజాలు పరుగెత్తాడు. గత నెల 9న ఛీఫ్స్‌ను 40–22తో ఓడించి సూపర్ బౌల్ గెలిచారు.

న్యూయార్క్ జెయింట్స్ అభిమానులకు ఇవాళ ఎలా ఉంటుందో! 2018 డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా అతన్ని తీసుకున్నది వాళ్లే. 2023 మార్చిలో వాళ్ల చేతిలో ఇద్దరు ఉన్నారు, క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్, బార్క్‌లీ. ఫ్రాంచైజ్ ట్యాగ్ అనే హక్కుతో ఏడాదికి ఒక్కరినే ఆపుకోవచ్చు. జోన్స్‌కు నాలుగేళ్లు, 16 కోట్లు ఇచ్చారు. ట్యాగ్‌ను బార్క్‌లీకి తగిలించి సుమారు 1.01 కోట్లతో ఏడాది ఆపారు. మరుసటి ఏడు అతన్ని ఆపే ప్రయత్నమే పెద్దగా చేయలేదు. బార్క్‌లీ ఫిలడెల్ఫియాకు వెళితే తనకు నిద్ర పట్టదని యజమాని జాన్ మారా జనరల్ మేనేజర్ జో షోన్‌తో అన్నది హెచ్‌బీఓ కెమెరాల్లో పడింది. జోన్స్‌ను నిరుడు నవంబరులో సీజన్ మధ్యలోనే వదిలేశారు.

క్యాప్ లేదని బార్క్‌లీని వదులుకున్నారని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఈగల్స్ అతనికి ఏటా సగటున ఇచ్చింది 1.26 కోట్లు, క్యాప్‌లో ఐదు శాతం. చోటు ఉంది. ఎవరిమీద నమ్మకం పెట్టాలన్న నిర్ణయం ఏడాది ముందే, జోన్స్ సంతకంతోనే అయిపోయింది.

మార్చి 6, గురువారం

మన డాలస్ కౌబాయ్స్ కూడా కదిలారు. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్, రిసీవర్ సీడీ ల్యాంబ్ కాంట్రాక్టులు తిరగరాసి ఈ ఏడాది లెక్కలో 5 కోట్ల డాలర్లకు పైగా ఖాళీ తెచ్చుకున్నారు. ఇద్దరికీ ఒక్క డాలరు తగ్గలేదు.

ఇది ఎలా కుదురుతుందో రాసి పెట్టుకుంటాను. ఒకడికి ఈ ఏడు 2 కోట్ల డాలర్ల జీతం ఇవ్వాలనుకో. దాన్ని జీతంగా కాక సైనింగ్ బోనస్‌గా ఇవ్వాళే చేతిలో పెడతారు. క్యాప్ పద్దులో మాత్రం దాన్ని ఐదేళ్ల మీద పరచవచ్చు. అంటే ఈ ఏడాదికి 40 లక్షలు, మిగతా 1.6 కోట్లు రాబోయే ఏళ్లకు. కాంట్రాక్టులో అన్నేళ్లు మిగిలి లేకపోతే ఉత్తుత్తి ఏళ్లు జతచేస్తారు. వాటిని వాయిడ్ ఇయర్స్ అంటారు. ఆటగాడు ఆ ఏళ్లు ఆడడు. లెక్క మోయడానికే అవి.

చీటీ ముందే ఎత్తుకోవడంలాంటిది ఇది. డబ్బు ఇవాళ వాడుకుంటావు, కట్టడం తర్వాత. కానీ ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. క్యాప్ ఏటా పెరుగుతోంది కాబట్టి నేడు వాయిదా వేసిన డాలరు నాలుగేళ్ల తర్వాత మొత్తంలో చిన్న ముక్కవుతుంది. ప్రమాదం ఆటగాడు వెళ్లిపోయినప్పుడు. గాయమో, రిటైర్మెంటో, వదిలెయ్యడమో, ఏదైనా సరే, పరిచి ఉంచిన మిగతా అంతా ఒక్కసారి పద్దులో పడుతుంది. జూన్ 1 తర్వాత వదిలినట్టు రాసుకుంటే రెండేళ్లకు పంచుకోవచ్చు, అంతే. డెన్వర్ అదే చేసింది. నిరుడు రసెల్ విల్సన్‌ను వదిలేసినప్పుడు 8.5 కోట్లు మీద పడితే 2024లో 5.3, ఈ ఏడు 3.2 కోట్లుగా మోస్తున్నారు. అంత బరువుతోనూ నిరుడు ప్లేఆఫ్స్‌కు వెళ్లారు. ఎందుకంటే విల్సన్ స్థానంలో ఆడింది డ్రాఫ్ట్‌లో వచ్చిన బో నిక్స్, చవక కాంట్రాక్టు కుర్రాడు.

మార్చి 9, ఆదివారం

హైదరాబాద్ నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్. ఐపీఎల్ మొదలవబోతోందని ఉత్సాహంలో ఉన్నాడు. "పెదనాన్నా, మీ క్యాప్ మా పర్స్ లాంటిదేగా? మెగా వేలానికి ముందు సన్‌రైజర్స్ ఐదుగురిని ఉంచుకుని 75 కోట్లు ఖర్చుపెట్టేసింది, 120లో మిగిలిన 45తో వేలానికి వెళ్లింది" అన్నాడు. క్లాసెన్ 23, కమిన్స్ 18, అభిషేక్, హెడ్ చెరి 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ 6. వాడికి అన్నీ నోటికి వచ్చు.

పోలిక కొంతవరకు నిజమే. అందరికీ ఒకే సంచి, ముందు ఎవర్ని ఉంచుకోవాలన్న తర్జనభర్జన, మిగిలినదాంతో బేరం. కానీ ఐపీఎల్‌లో రేపటి కోట్లు ఇవాళ వాడుకోలేరు. ఇక్కడ వాడుకోవచ్చు. వాడుకోని మొత్తాన్ని వచ్చే ఏడాదికి మోసుకెళ్లొచ్చు కూడా. ఇంకో తేడా వాడికి నచ్చింది. ఇక్కడ వేలంపాట లేదు, జట్టును ఎంచుకునేది ఆటగాడే. "మరి అందరూ గెలిచే జట్టుకే వెళ్తారుగా?" అన్నాడు. గెలిచే జట్టు దగ్గర చోటుండదు, అదే ఈ గీత చేసే పని అన్నాను.

ఇవాళే బఫలో వాళ్లు క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్‌కు ఆరేళ్లు, 33 కోట్ల డాలర్లు ఇచ్చారు. క్లీవ్‌లాండ్‌లో మైల్స్ గ్యారెట్‌కు ఏడాదికి 4 కోట్లు. గ్యారెట్ అంకె చూడగానే మన మైకా పార్సన్స్ గుర్తొచ్చాడు. ఇద్దరి పనీ ఒకటే, ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం.

మార్చి 11, మంగళవారం

నిన్న ఇక్కడి టైములో ఉదయం 11 గంటలకు బేరాల తలుపులు తెరిచారు. రేపు మధ్యాహ్నం 3 దాకా మాటలే, సంతకాలు తర్వాత. కానీ పెద్ద పేర్లన్నీ మొదటి రోజే అయిపోతాయి.

సూపర్ బౌల్‌లో ఛీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ను ఊపిరి తీసుకోనివ్వని ఇద్దరూ ఈగల్స్ నుంచి వెళ్లిపోయారు. జాష్ స్వెట్ అరిజోనాకు, నాలుగేళ్లు, 7.64 కోట్లు. మిల్టన్ విలియమ్స్ న్యూ ఇంగ్లండ్‌కు, నాలుగేళ్లు, 10.4 కోట్లు. ఈగల్స్ అడ్డుపడలేదు. ఏళ్లుగా ఆ జట్టు చీటీలు ఎత్తుకునే జట్టే. కానీ జనరల్ మేనేజర్ హౌవీ రోజ్‌మన్ ఒక పని బాగా చేస్తాడు. ఉంచుకోవాలనుకున్నవాళ్లకు ధర పెరగకముందే రాసేస్తాడు. జేలెన్ హర్ట్స్‌కు 2023 ఏప్రిల్‌లో, డివొంటా స్మిత్‌కు 2024 ఏప్రిల్‌లో. మిగతావాళ్లను మార్కెట్‌కు వదిలేస్తాడు. పోయినవాళ్ల లెక్కన మరుసటి డ్రాఫ్ట్‌లో అదనపు పిక్‌లు వస్తాయి. ఆ పిక్‌లే మళ్లీ చవక కుర్రాళ్లు. నిరుడు 35 లక్షల డాలర్లకు తెచ్చిన జాక్ బాన్‌కు మాత్రం ఈసారి మూడేళ్లకు 5.1 కోట్లు ఇచ్చి ఉంచుకున్నారు.

న్యూ ఇంగ్లండ్ సంగతి వేరు. ఈ మార్చిలో అందరికన్నా ఎక్కువ ఖాళీ వాళ్లదే. ఆ ఖాళీ చూసి అసూయపడాల్సింది ఏమీ లేదు. కొన్నేళ్లుగా వాళ్లు డ్రాఫ్ట్‌లో తీసుకున్నవాళ్లలో పెద్ద రెండో కాంట్రాక్టుకు తగినవాళ్లు తక్కువ కాబట్టే అంత మిగిలింది. అయినా వాళ్లకు ఇది సరైన సమయం. క్వార్టర్‌బ్యాక్ డ్రేక్ మే ఇంకా డ్రాఫ్ట్ కాంట్రాక్టులోనే ఉన్నాడు. ఆ కొద్ది ఏళ్లలోనే చుట్టూ మనుషుల్ని కొనాలి. రసెల్ విల్సన్ జీతం ఐదు లక్షల డాలర్లు దాటి కొంచెం ఉన్న ఏడాదే సియాటిల్ సూపర్ బౌల్ గెలిచింది. ఆ సంగతి లీగ్‌లో ఎవరూ మరిచిపోలేదు.

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వార్డ్, హుఫాంగా, బ్యాంక్స్ అందరూ వెళ్లిపోతున్నారు. ఇల్లు ఖాళీ చేస్తున్నట్టే ఉంది.

మార్చి 15, శనివారం

నాలుగు రోజుల సందడిలో వినపడని పేర్ల గురించి ఎవరూ రాయరు. ఎనిమిదేళ్లు ఆడి, మోకాళ్లు అరిగి, ఇంకా బాగానే ఆడగలిగే ముప్పై ఏళ్లవాడు ఇప్పుడు ఫోన్ దగ్గర కూర్చుని ఉంటాడు. పై మెట్టు వాళ్లకు కోట్లు, కింది మెట్టున డ్రాఫ్ట్ కుర్రాళ్లు, మధ్యలో వీళ్లకు మిగిలింది తక్కువ. ఈ ఆటలో కాంట్రాక్టు అంకెల్లో చాలా భాగానికి హామీ ఉండదు. టీవీలో చదివే పెద్ద అంకె కాదు, హామీ డబ్బు ఎంత అన్నదే చూడాలి. క్యాప్ ఆటను సమం చేస్తుందన్నది నిజమే. కానీ ఆ సమానత్వానికి ధర చెల్లిస్తున్నది యజమానులు కాదు, ఈ మధ్యవాళ్లు. ఇది నాకు బాధగానే ఉంటుంది.

మే 11, ఆదివారం

భుజం గాయంతో న్యూ ఆర్లీన్స్ క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ రిటైరయ్యాడు. నాలుగేళ్లకు 15 కోట్ల కాంట్రాక్టులో రెండేళ్లే ఆడాడు. మొన్న మార్చిలోనే ఆ కాంట్రాక్టును తిరగరాసి ఖాళీ తెచ్చుకున్నారు. జనరల్ మేనేజర్ మికీ లూమిస్ ఏళ్ల తరబడి ఇలాగే రేపటి నుంచి తెచ్చుకుంటున్నాడు. పాత క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ ఉన్నన్నాళ్లూ దానికి అర్థం ఉండేది, గెలిచే జట్టును నిలబెట్టాలి కనుక. 2021లో కోవిడ్ వల్ల క్యాప్ 19.82 నుంచి 18.25 కోట్లకు పడిపోయినప్పుడు అందరికన్నా ఎక్కువ చిక్కుకున్నది వాళ్లే. అయినా ఆపలేదు. బ్రీస్ వెళ్లాక కూడా గెలిచే జట్టులాగే అప్పు చేస్తున్నారు.

మే 17, శనివారం

మొత్తానికి శాన్ ఫ్రాన్సిస్కోలో పర్డీ కథ తేలింది. ఐదేళ్లు, 26.5 కోట్లు. 2022 డ్రాఫ్ట్‌లో అందరికన్నా చివర, 262వ పిక్‌గా వచ్చినవాడు. అతను తొమ్మిది లక్షల డాలర్ల లోపు జీతం తీసుకుంటున్న ఏడాదే ఆ జట్టు సూపర్ బౌల్ దాకా వెళ్లింది. మార్చిలో వెళ్లిపోయిన వాళ్లందరి ఖాళీ ఎక్కడికి పోయిందో ఇప్పుడు కనపడుతోంది. ఆ జట్టు కష్టమైన పని ముందే చేసింది.

ఇక్కడ మాత్రం పార్సన్స్ కాంట్రాక్టు ఇంకా కదలలేదు. ఐదో ఏడాది ఆప్షన్ కింద ఈ సీజన్‌కు 2.4 కోట్లు. నాలుగేళ్లలో 52.5 సాక్‌లు, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాలు! ల్యాంబ్‌కు నిరుడు ఆగస్టులో, ప్రెస్కాట్‌కు సెప్టెంబరులో మొదటి మ్యాచ్ రోజున రాసిచ్చారు. ప్రెస్కాట్‌కు ఏడాదికి 6 కోట్లు పడింది. ఆలస్యం చేసిన కొద్దీ ధర పెరుగుతుందని తెలిసీ మళ్లీ అదే చేస్తున్నారు.

ఆగస్టు 29, శుక్రవారం

నిన్న పార్సన్స్‌ను గ్రీన్ బేకు ఇచ్చేశారు. రెండు మొదటి రౌండు పిక్‌లు, కెనీ క్లార్క్ ఇటు వచ్చారు. ప్యాకర్స్ వెంటనే నాలుగేళ్లకు 18.8 కోట్లు రాశారు. ఏడాదికి 4.7 కోట్లు, క్వార్టర్‌బ్యాక్ కాని ఆటగాడికి ఈ రోజుకు ఇదే ఎక్కువ.

ఇక్కడి సూపర్ మార్కెట్లో, గుడిలో, అందరూ ఒకే మాట: డాక్‌కు, ల్యాంబ్‌కు ఇచ్చాక చోటెక్కడిదని. చోటుంది. అదే క్యాప్ కింద గ్రీన్ బేకు దొరికింది. కిందటేడాది, గ్యారెట్ కాంట్రాక్టు రాకముందే, కూర్చుని రాసి ఉంటే ఇంతకన్నా తక్కువకే అయ్యేది. జట్టులో అందరికన్నా ముందు రాయాల్సినవాడిని అందరికన్నా చివరకు ఉంచారు. సెప్టెంబరు 28, ఆదివారం రాత్రి, ప్యాకర్స్ మన స్టేడియానికి, ఆర్లింగ్టన్ వస్తున్నారు. ప్రెస్కాట్‌కు ఎదురుగా పార్సన్స్ వరుసలో నిలబడతాడు.