తెలియదని చెప్పగల చోటు

రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని ప్రశ్నలూ జవాబుల కార్యక్రమం చూడడం మన గ్రామాలకు కొత్త సంగతి కాదు. 2000 జులై 3న అమితాబ్ బచ్చన్ గారు హిందీలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ ప్రారంభించినప్పుడు భాష సగమే అర్థమైనా మేమందరం చూసేవాళ్ళం. 1998లో ఇంగ్లండులో మొదలైన ఒక కార్యక్రమం దానికి మూలం. 2014లో నాగార్జున గారు ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ నడపడంతో ఆ ఆట తెలుగులోకి వచ్చింది. 2017లో చిరంజీవి గారు దానిని నడిపారు. 2021లో జూనియర్ ఎన్టీఆర్ గారు ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అనే పేరుతో అదే ఆట ఆడించారు. తెలుగులో వచ్చాక మా ఇంట్లో అది చూసే కార్యక్రమంగా కాక, ఆడే ఆటగా మారింది.

ఆట పద్ధతి మీకు తెలిసిందే. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు. సరైనది ఒక్కటే. తెలియకపోతే రెండు తప్పు జవాబులు తీసివేయించుకోవచ్చు, స్నేహితునికి ఫోను చేయవచ్చు, అక్కడ కూర్చున్న ప్రేక్షకులను అడగవచ్చు. ఇన్ని సహాయాలున్నా తప్పు చెబితే చేతికి వచ్చిన సొమ్ములో చాలా భాగం పోతుంది. అందుకే ఆ కుర్చీలో కూర్చున్నవారి నుదుట చెమట పడుతుంది.

మన ఇంట్లో తప్పు చెబితే పోయే సొమ్మేమీ లేదు. అయినా పోయేది ఒకటుంది. అది మనిషి మర్యాద.

మా పెద్దబ్బాయి లెక్కల్లో పదో తరగతి తప్పి చదువు మానుకున్నాడు. అప్పటినుండి పొలం పనులు వాడే చూసుకుంటున్నాడు. మా అమ్మాయి చదువులో చురుకైనది. ప్రశ్న తెరమీద కనబడిన వెంటనే జవాబు చెప్పేసేది. వాడు ఒకసారి తప్పు జవాబు చెప్పినప్పుడు చిన్నవాడు పకపక నవ్వాడు. మరునాటి నుండి ఆ కార్యక్రమం వేళకు పెద్దబ్బాయి బయట అరుగు మీదికి వెళ్ళి కూర్చునేవాడు. పిలిస్తే “నాకు నిద్ర వస్తోంది” అనేవాడు. ఇక పిల్లల నాయనమ్మ సంగతి. ఆమెకు చదవడం రాదు. తెరమీది అక్షరాలు ఆమెకు అందవు. ఒకే ఇంట్లో ఒకే ఆట కొందరిని దగ్గరకు చేర్చి, కొందరిని బయట కూర్చోబెడుతోందని మేము గ్రహించాము.

ఆట మానివేయాలని మాకు అనిపించలేదు. పద్ధతి మార్చుకున్నాము. మొదటిది, ప్రశ్ననూ నాలుగు జవాబులనూ ఒకరు గట్టిగా, నిదానంగా చదవాలి. రెండవది, ఎవరి జవాబు వారు మనసులో అనుకొని, అందరూ ఒకేసారి చెప్పాలి. మూడవది, ఎవరు తప్పు చెప్పినా నవ్వకూడదు. నాలుగవది, “నాకు తెలియదు” అని చెప్పినవారికి కూడా అర మార్కు ఇవ్వాలి. ఈ నాలుగవ నియమానికి పిల్లలు మొదట వాదించారు. తెలియనిదానికి మార్కేమిటన్నారు. తెలియదని ఒప్పుకోవడం తేలికైన పని కాదనీ, అది చేయలేకే చాలామంది పెద్దవాళ్ళు కూడా బోల్తా పడుతున్నారనీ చెప్పాము.

ఐదవ నియమం మాత్రం నాయనమ్మ చెప్పింది. కార్యక్రమం అయ్యాక టీవీ కట్టేసి, ఇంట్లో ప్రతి ఒక్కరూ తమ సొంత ప్రశ్న ఒకటి అడగాలని. మొదటి రాత్రి ఆమే అడిగింది: “కుంచానికి ఎన్ని గిద్దలు?”

ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి కాగితం తెచ్చుకుంది గాని ఏమి రాయాలో తెలియలేదు. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి వింటున్న పెద్దబ్బాయి నెమ్మదిగా చెప్పాడు: “నాలుగు గిద్దలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. మొత్తం అరవై నాలుగు.” విత్తనాలు కొలిచేటప్పుడు నాయనమ్మ నోట విన్న లెక్క అది. లెక్కల్లో తప్పినవాడు నోటితో లెక్క కట్టాడు. అమ్మాయి కాగితం మీద గుణించి చూసి, “సరిగ్గా అరవై నాలుగే, అన్నయ్యా” అంది.

వాడు మళ్ళీ పరీక్షకు కట్టలేదు. కాని ఆ రాత్రి నుండి అరుగు మీద కూర్చోలేదు.

టీవీలో జవాబు రాగానే తరువాతి ప్రశ్న వచ్చేస్తుంది. ఎందుకు, ఎలా అని అడిగే వ్యవధి అక్కడ ఉండదు. ఇంట్లో ఆ వ్యవధి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట ఎవరు కట్టించారని ఒకసారి అమ్మాయి అడిగింది. “కాటన్ దొర” అని అందరికంటే ముందు నాయనమ్మే అంది. 1847లో పని మొదలై 1852లో పూర్తయిందని అమ్మాయి చెప్పింది. అంతకుముందు ఈ నేల ఒక ఏడు వరదలోను, ఒక ఏడు కరువులోను నలిగేదన్న సంగతి దగ్గర మాట మొదలై, మన పొలానికి నీళ్ళు ఏ కాలువనుండి వస్తున్నాయో, ఏ తూము ఎప్పుడు ఎత్తుతారో పెద్దబ్బాయి చిన్నవాడికి వివరించేదాకా సాగింది. సంవత్సరం ఒకరికి తెలుసు, పేరు ఒకరికి తెలుసు, తూము ఒకరికి తెలుసు. ముగ్గురూ కూర్చుంటేనే ఆ జవాబు పూర్తయింది.

ప్రియ చదువరులారా, ఇటువంటి కార్యక్రమాలు వస్తుంటాయి, ఆగిపోతుంటాయి. కోటి రూపాయలు గెలిచేవారు ఎక్కడో ఒకరు. ఇంట్లో ఆట ఆడడానికి మాత్రం టీవీ కూడా అవసరం లేదు. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ ఇంట్లో ఎక్కువగా మాట్లాడనివారు ఎవరో చూడండి. వారికి బాగా తెలిసిన పని గురించి ఒక ప్రశ్న అడగండి. వారు చెప్పేటప్పుడు తొందరపెట్టకండి. బయటి లోకంలో తెలియదని చెప్పడానికి మనిషి భయపడతాడు. భయం లేకుండా ఆ మాట చెప్పగల చోటు ఒక్కటైనా ఉండాలి. అది మన ఇల్లే కావాలి.